నానో మందు నేరుగా ఎముకలోని గడ్డకే వెళ్తుందా? అది దొరికేదాకా జోలెడ్రోనిక్ ఆపొచ్చా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది, తరవాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. అమలాపురం పక్కన పల్లె. అమ్మగారికి 58 ఏళ్ళు, బరువు 55 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.1. రొమ్ము క్యాన్సర్ నడుము వెన్నుపూసలకీ కుడి తుంటికీ పాకింది. ఎముకలు విరగకుండా నెలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కీమో అంటున్నారు. ఈలోగా చుట్టాల గ్రూపులో ఒక వీడియో వచ్చింది: నానో మందు ఎముకలోని గడ్డను వెతుక్కుంటూ వెళ్తుందట, ఒంట్లో ఇంకెక్కడా తగలదట. అది ఎక్కడ దొరుకుతుంది, దొరికేదాకా జోలెడ్రోనిక్ ఆపొచ్చా అన్నది మీ ప్రశ్న. బీఫార్మసీ చదివి మందుల షాపు నడుపుతున్నారు కాబట్టి లోపలి సంగతి కూడా చెప్పమన్నారు.

ఆపకండి. ఎముకను వెతుక్కుంటూ వెళ్ళే నానో కీమో ప్రయోగశాలల్లో ఉంది, ఎలుకల్లో ఉంది. ఆసుపత్రిలో చీటీ రాసి తెప్పించుకునే మందుగా లేదు. నానో రూపంలో మన దగ్గర మామూలుగా దొరికే కీమో మందులు ప్రధానంగా రెండు: లైపోసోమల్ డాక్సోరూబిసిన్ (కొవ్వు పొర బుడగలో పెట్టినది), నాబ్-పాక్లిటాక్సెల్ (ఆల్బుమిన్ ప్రొటీనుతో కట్టినది). రెండూ మంచివే, కానీ వాటికి ఎముక అడ్రసు తెలియదు. ఇకపోతే ఎముకను నిజంగా వెతుక్కుంటూ వెళ్ళే మందు అమ్మగారికి ఇప్పటికే ఎక్కుతోంది. మీరు ఆపుదామనుకుంటున్న జోలెడ్రోనిక్ యాసిడే అది.

ఇక కారణాలు.

నానో అనగానే కొత్త మందు అనుకుంటున్నారు జనం. నానో యూరియా సీసాలు వచ్చాక మన రైతులకి ఆ మాట మరీ దగ్గరైంది, చిన్న సీసాలో బస్తా బలం అన్న లెక్కలో. ఆ యూరియా గొడవ వేరే, ఇక్కడొద్దు. క్యాన్సర్ మందులో నానో అంటే పాత మందుకే కొత్త మూట. డాక్సోరూబిసిన్ అదే ఎర్రమందు, పాక్లిటాక్సెల్ అదే పాక్లిటాక్సెల్. మూట మారితే మందు ఏ దారిన పోతుంది, ఎంతసేపు రక్తంలో తిరుగుతుంది, ఎక్కడ విప్పుకుంటుంది అన్నవి మారతాయి. సైజు ఒక అంచనాకి: తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. లైపోసోమల్ డాక్సోరూబిసిన్ రేణువు 80 నుంచి 100. అంటే వెయ్యి దాకా రేణువులు పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక మందం.

ఈ సైజే ఎందుకంటే, 5, 6 నానోమీటర్ల కన్నా చిన్నవైతే కిడ్నీ వడపోసి మూత్రంలో పంపేస్తుంది. 200 దాటితే కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. మధ్యలో ఉన్నవి తిరుగుతూ తిరుగుతూ గడ్డ దగ్గర కారతాయి. ఆ కారడం సంగతి 1986లో జపాన్‌లో మాట్సుమురా, మయేదా చెప్పారు. మన డెల్టా మనిషికి ఇది ఇట్టే అర్థమవుతుంది. గడ్డలోని రక్తనాళాలు హడావిడిగా కట్టిన కాలువ గట్లలాంటివి, అన్నీ గండ్లే. మామూలు రక్తనాళంలోంచి బయటికి రాలేని రేణువు అక్కడ గండిలోంచి చేలోకి జారుతుంది. పైగా గడ్డలో లింఫు నాళాలు సరిగా ఉండవు, అంటే మురుగు డ్రెయిను పూడిపోయిన చేను. దిగిన నీరు బయటికి పోదు.

వీడియోలు ఇక్కడితో ఆపేస్తాయి. కానీ డ్రెయిను పూడిన చేలో నీరు నిలిచాక కొత్త నీరు కూడా లోపలికి రాదు కదా. గడ్డ లోపల ఒత్తిడి పెరిగి మందు అంచుల్లోనే ఆగిపోతుంది, నడిబొడ్డుకి వెళ్ళదు. పదేళ్ళ పరిశోధనలు గుదిగుచ్చి 2016లో ఒక విశ్లేషణ వచ్చింది. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అదీ ఎలుకల్లో. అమ్మగారికి 77 మిల్లీగ్రాముల లైపోసోమల్ డాక్సోరూబిసిన్ ఎక్కించారనుకోండి, ఆ లెక్కన గడ్డకు చేరేది అర మిల్లీగ్రాము. మిగతాదాంట్లో పెద్ద వాటా కాలేయానికీ ప్లీహానికీ.

ఎలుక లెక్క మనిషికి ఎందుకు అతకదో కూడా చూడండి. ప్రయోగం ఎలుకలో గడ్డ రెండు మూడు వారాల్లో ఊరిపోతుంది, ఒక్కోసారి దాని ఒంటి బరువులో పదో వంతు ఉంటుంది. అమ్మగారి బరువుకి అది అయిదున్నర కిలోల గడ్డ! అంత వేగంగా పెరిగిన గడ్డకి గండ్లు ఎక్కువే. మనిషిలో ఏళ్ళ తరబడి పెరిగిన గడ్డలో కొన్ని చోట్ల కారుతుంది, కొన్ని చోట్ల కారదు. ఒకే మనిషిలో రెండు గడ్డలు రెండు రకాలుగా ఉంటాయి.

ఎముక సంగతి ఇంకా చిక్కు. ఎముకలో సుమారు మూడింట రెండొంతులు ఖనిజం, క్యాల్షియమూ ఫాస్ఫేటూ కలిసిన హైడ్రాక్సీఅపటైట్. క్యాల్షియానికి గట్టిగా అతుక్కునేదేదైనా ఎముకకి ఎర అవుతుంది. పరిశోధకులు రేణువు ఒంటి మీద ఆ ఎరలు తగిలిస్తారు: అలెండ్రోనేట్ లాంటి బిస్ఫాస్ఫోనేట్లు (జోలెడ్రోనిక్ కూడా ఈ కుటుంబమే), టెట్రాసైక్లిన్, లేదా ఎనిమిది ఆస్పార్టిక్ యాసిడ్లు గొలుసుగా కట్టిన చిన్న పెప్టైడు. ఈ ఆస్పార్టిక్ గొలుసు, ఎముకను కొరికే ఆస్టియోక్లాస్ట్ కణాలు తవ్విన గట్టి ఖనిజాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. ఆస్పార్టిక్, సెరీన్, సెరీన్ వరసని ఆరుసార్లు కూర్చిన ఇంకో పెప్టైడు, కొత్త ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టుల వైపు మొగ్గుతుంది. 2012లో ఎలుకల్లో చూపించారు. ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌కి ఈ రెండోది ఆశ పుట్టించే దారి, ఎందుకంటే అక్కడ కావాల్సింది కట్టేవాళ్ళకి మందు, కొరికేవాళ్ళకి కాదు. 2014లో అలెండ్రోనేట్ తగిలించిన పీఎల్‌జీఏ (ఒంట్లో కరిగిపోయే పాలిమర్) రేణువుల్లో బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు పెట్టి ఎలుకల్లో మైలోమా అనే మూలుగ క్యాన్సర్ మీద చూశారు. బాగానే వచ్చింది. ఎలుకల్లో.

మరి మనిషి దాకా రావడానికి అడ్డం ఏమిటి? మీరు ఫార్మసీ మనిషి కాబట్టి విడమరిచి చెప్తాను.

మొదటిది, ఎరకి క్యాన్సర్ ఎముక ఏదో మంచి ఎముక ఏదో తెలియదు. ఖనిజం బయటపడి రక్తం తగిలే ప్రతిచోటా అతుక్కుంటుంది. ఎముక విరిగి మానుతున్న చోట, కదులుతున్న పంటి చుట్టూ దవడలో కూడా. రెండోది, ఎర ఖనిజానికి అతుక్కుంటుంది, క్యాన్సర్ కణాలు మూలుగలో ఉంటాయి. గాలం చెరువు గట్టు మీద, చేప చెరువు మధ్యలో అన్నట్టు. మందు అక్కడినుంచి ఊడి కొంత దూరం నడవాలి. ఆస్టియోక్లాస్ట్ తవ్వే గుంటలో పీహెచ్ 4.5 దాకా పడిపోతుంది, ఆ పులుపుకి విప్పుకునే రేణువులు చేస్తున్నారు. కానీ ఎముకను కొరకకుండా గట్టిపరుస్తూ పాకే క్యాన్సర్ దగ్గర, ప్రోస్టేట్‌లో తరచూ చూసే రకం దగ్గర, ఆ పులుపు తక్కువ.

మూడోది నాకు అన్నిటికన్నా గట్టి అడ్డంకిగా కనిపిస్తుంది. రేణువు రక్తంలో ఎక్కువసేపు తిరగాలంటే దానిమీద పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత ఉండాలి, కాలేయం కళ్ళు కప్పడానికి. ఎర పనిచేయాలంటే అది పూత పైకి పొడుచుకుని ఉండాలి. పూత ఎక్కువైతే ఎర మునిగిపోతుంది. ఎర ఎక్కువైతే రక్తంలోని క్యాల్షియాన్నే పట్టుకుని రేణువులు గుంపుకడతాయి. పైగా రక్తంలో పడిన నిమిషాల్లో ప్రొటీన్లు వచ్చి రేణువు చుట్టూ ఇంకో తొడుగు కడతాయి, బీకరులో చక్కగా పనిచేసిన ఎర ఆ తొడుగు కింద కనిపించకుండా పోతుంది. ఇవన్నీ దాటి ప్రతి బ్యాచీలో సైజూ ఎర సాంద్రతా ఒకేలా తేవాలి. ప్రయోగశాలలో 10 మిల్లీలీటర్లు చేసినట్టు ఫ్యాక్టరీలో 100 లీటర్లు రాదు. ఒకటోసారి వచ్చిన ఆత్రేయపురం పూతరేకు రెండోసారి రాకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఇక్కడ ఒక బ్యాచీ పోతే కోట్లు.

ఇప్పుడు జోలెడ్రోనిక్ వైపు రండి. ఎక్కించిన మొదటి 24 గంటల్లో సుమారు 40 శాతం మూత్రంలో పోతుంది, మిగిలినది ప్రధానంగా ఎముకకి అతుక్కుంటుంది. 0.7 పక్కన పెట్టి చూడండి. ఏమాటకామాట, రెండూ ఒకే కొలత కాదు, ఇది మొత్తం అస్థిపంజరం లెక్క, అది గడ్డ లెక్క. అయినా ఎముకకి చేరే విద్యలో ఈ చిన్న అణువుకి సాటివచ్చే నానో మూట ఇంకా రాలేదు. ఆస్టియోక్లాస్ట్ ఎముకను కొరికినప్పుడు దీన్నీ మింగి చస్తుంది. అదే దీని పని. గడ్డను చంపడం దీని పని కాదు, ఎముకలు విరగడాన్నీ నొప్పినీ తగ్గించడం దీని పని. దీన్ని కీమోకి బదులు అనుకోవద్దు, కీమో వచ్చింది కదా అని దీన్ని తీసేయనూ వద్దు.

అయితే మీరు అడగని ఒక ప్రశ్న ఉంది: అమ్మగారి డోసు సరిగ్గా ఉందా? క్రియాటినిన్ 1.1 అంటే రిపోర్టులో ఎర్రగీత పడదు. కానీ లెక్క కట్టండి. 140 లోంచి 58 తీస్తే 82. దాన్ని 55 తో, ఆడవాళ్ళకి కాబట్టి 0.85 తో హెచ్చించండి, 3833 వస్తుంది. 72 ని 1.1 తో హెచ్చిస్తే 79. భాగిస్తే కిడ్నీ వడపోత నిమిషానికి 48 మిల్లీలీటర్లు. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇచ్చే 4 మిల్లీగ్రాముల డోసు 60 పైన ఉన్నవాళ్ళకి. 50 నుంచి 60 కి 3.5, 40 నుంచి 49 కి 3.3, 30 నుంచి 39 కి 3. ముప్పై లోపుంటే ఇవ్వకూడదనే సలహా. అమ్మగారికి 3.3 మిల్లీగ్రాములు రావాలి. ఈ లెక్క కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించండి. బక్కపలచటి పెద్దవాళ్ళలో క్రియాటినిన్ చూసి కిడ్నీ బాగుందనుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

ప్రతిసారీ ఎక్కించే ముందు క్రియాటినిన్, క్యాల్షియం చూడాలి. 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో, 15 నిమిషాలకి తక్కువ కాకుండా ఎక్కించాలి. బస్సు టైమయిందని తొందరపెడితే దెబ్బ కిడ్నీకి. రింగర్ లాక్టేట్‌లో కలపకూడదు, అందులో క్యాల్షియం ఉంటుంది. మొదటి డోసు తరవాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు మామూలే, పారాసెటమాల్ చాలు. పంటి డాక్టరు చూపు అయిందా? పీకాల్సిన పళ్ళుంటే మొదలుపెట్టే ముందే పీకించి ఉండాల్సింది. ఇప్పుడు మాత్రం క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా పన్ను పీకించవద్దు, దవడ ఎముక మానకుండా చచ్చుపడే ప్రమాదం ఉంది. ఇంకోటి, నెలనెలా బదులు 12 వారాలకోసారి ఇచ్చినా ఎముకలు విరగడం పెరగలేదని 2017లో పెద్ద పరీక్ష తేల్చింది. ఈ కిడ్నీతో, ఈ ప్రయాణాలతో, ఆ మాట అడగడం న్యాయమే. ఇది ఆపడం కాదు, ఎడం పెంచడం.

ఎముకకి మందు మోసుకెళ్ళే ఇంకో పాత విద్య గురించి ఒక్క మాట. సమారియం-153 అనే రేడియోధార్మిక లోహాన్ని ఫాస్ఫోనేట్ అణువుకి కట్టి ఎక్కిస్తారు, అది ఎముకలో కూర్చుని నొప్పి తగ్గిస్తుంది. సగం ఆయుష్షు సుమారు 46 గంటలు. నానో కాదు, ఆ సూత్రమే. మూలుగ మీద దెబ్బ ఉంటుంది కాబట్టి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూసి, అనేకచోట్ల నొప్పి ఉన్నవాళ్ళకే ఇస్తారు. ఒకటి రెండు చోట్లే నొప్పయితే 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ అంతకన్నా సుళువు.

ఇక నిజంగా దొరికే రెండు నానో మందులు. వీటికి ముందు ఒక కాగితం వెతకండి: ఈఆర్, పీఆర్, హర్‌2 రిపోర్టు, అంటే గడ్డ కణాల్లో హార్మోను గ్రాహకాలూ హర్‌2 ప్రొటీనూ ఉన్నాయో లేదో చెప్పేది. ఈఆర్ పాజిటివ్ అయ్యి, క్యాన్సర్ ఎముకలకే పరిమితమయి, కాలేయం ఊపిరితిత్తులు బాగుంటే సాధారణంగా మొదట కీమో కాదు, హార్మోను మాత్రల దారి. ఆ రిపోర్టు చూడకుండా నానో కీమోనా మామూలు కీమోనా అని చర్చించుకోవడం, తూము ఎటు తెరిచారో చూడకుండా చేనుకి నీళ్ళెక్కట్లేదని దెబ్బలాడుకోవడమే. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బయాప్సీ బ్లాకు, స్లైడ్లు పట్టుకెళ్ళండి, ఒట్టి రిపోర్టు జిరాక్సులు చాలవు.

నాబ్-పాక్లిటాక్సెల్: పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. మామూలు పాక్లిటాక్సెల్‌ని ఆముదం నుంచి చేసిన ఒక ద్రావకంలో కరిగిస్తారు. ఎలర్జీలన్నీ చాలావరకు ఆ ద్రావకం పుణ్యమే, అందుకే ముందు స్టెరాయిడు, ఎలర్జీ ఇంజెక్షను ఇచ్చి, 3 గంటలు ఎక్కిస్తారు. నాబ్‌లో మందుని మనిషి ఆల్బుమిన్‌తో కలిపి 130 నానోమీటర్ల రేణువులు చేస్తారు. ఆముదం లేదు, 30 నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. ఆ అనుమతి తెచ్చిన పరీక్షలో గడ్డ తగ్గినవాళ్ళు 33 శాతం, మామూలుదానికి 19.

ఇక్కడ ఆగి ఇంకో సంఖ్య చూడాలి. తీవ్రమైన తిమ్మిర్లు నాబ్‌లో 10 శాతానికి, మామూలుదానిలో 2 శాతానికి. తుంటి ఎముకలో క్యాన్సర్ ఉన్న మనిషికి అరికాళ్ళు మొద్దుబారితే, కళ్ళాపి చల్లిన వాకిట్లో జారితే చాలు. ఇంకో సంగతి, పై పరీక్షలో పోల్చింది 3 వారాలకోసారి ఇచ్చే పాక్లిటాక్సెల్‌తో. వారంవారం ఇచ్చే మామూలు పాక్లిటాక్సెల్‌తో పోల్చిన 2015 నాటి పరీక్షలో నాబ్ మెరుగనిపించుకోలేదు, బాధలు ఎక్కువయ్యాయి. కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవలో మామూలుది వచ్చి నాబ్ రాకపోతే, నాబ్ కోసం పొలం తాకట్టు పెట్టకండి. ఆముదం ద్రావకానికి గట్టి ఎలర్జీ వచ్చినవాళ్ళకి, స్టెరాయిడ్ పడని షుగరువాళ్ళకి అయితే నాబ్ నిజంగా పనికొస్తుంది. మీ దగ్గర ఏ మందు ఆ పథకం కింద వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడిగితే చెప్తారు.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఈ మందు దగ్గరే, కాబట్టి కాస్త దగ్గరగా చూపిస్తాను. అమ్మగారి ఒంటి వైశాల్యం: 155 ని 55 తో హెచ్చించి 3600 తో భాగించి వర్గమూలం తీస్తే 1.54 చదరపు మీటర్లు. 3 వారాల నాబ్ డోసు చదరపు మీటరుకి 260, అంటే 400 మిల్లీగ్రాములు. అదే మామూలు పాక్లిటాక్సెల్ 175, అంటే 270. చీటీలో ఒట్టి పాక్లిటాక్సెల్ 400 అని రాసి, షాపులో మామూలుది ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బిల్లు కొట్టే ముందు ఏ రకమో ఫోను చేసి అడగండి. ఒకదానికి ఒకటి బదులు కాదు.

నాబ్ వయల్‌లో 100 మిల్లీగ్రాముల మందుతో పాటు సుమారు 900 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ ఉంటుంది. 20 మిల్లీలీటర్ల సెలైన్ సీసా లోపలి గోడ వెంట, కనీసం ఒక నిమిషం పట్టేలా, నెమ్మదిగా జార్చాలి. పొడి మీద నేరుగా చిమ్మితే ఆల్బుమిన్ కదా, తెల్లసొన గిలక్కొట్టినట్టు నురగ కడుతుంది. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, తరవాత కనీసం రెండు నిమిషాలు మెల్లగా తిప్పాలి. ఊపకూడదు. నురగ వస్తే పావుగంట ఆగాలి. పాలలా, గడ్డలు లేకుండా ఉండాలి, మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు. 400 కి 80 మిల్లీలీటర్లు. మామూలు పాక్లిటాక్సెల్‌కి 0.22 మైక్రాన్ల ఫిల్టరు సెట్టు తప్పనిసరి. నాబ్‌కి ఆ ఫిల్టరు పెట్టకూడదు, 130 అన్నది సగటు మాత్రమే, పెద్ద రేణువులు ఇరుక్కుని డోసు ఫిల్టరులోనే ఉండిపోతుంది. అలవాటు కొద్దీ నర్సు ఫిల్టరు తగిలించడం మామూలుగా జరిగేదే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 1500 లేకపోతే ఆ రోజు ఎక్కించరు.

లైపోసోమల్ డాక్సోరూబిసిన్: 1995లో అమెరికాలో అనుమతి పొందిన మొదటితరం నానో మందు. 2012లో అక్కడ కొరత వస్తే మన దేశపు సన్ ఫార్మా తయారుచేసిన లైపోడాక్స్‌ని దిగుమతి చేసుకున్నారు. తయారీలో అందమంతా మందు నింపడంలో ఉంది. కొవ్వు పొర లోపల అమ్మోనియం సల్ఫేట్ ఉంచి, బయటిది కడిగేస్తారు. లోపలి అమ్మోనియా పొరలోంచి బయటికి జారుకుంటుంది, ప్రోటాన్లు లోపల మిగిలిపోతాయి. అప్పుడు పొర మెత్తబడేదాకా, 60 డిగ్రీల దాపుకి, వేడిచేసి డాక్సోరూబిసిన్ వేస్తే అది లోపలికి దూరి, ప్రోటాను తగిలించుకుని, సల్ఫేట్‌తో కలిసి గడ్డకడుతుంది. ఇక బయటికి రాలేదు. పది చేపల్లో తొమ్మిది మావులో పడ్డట్టు, 90 శాతం పైనే లోపలికి చేరుతుంది.

దీని లాభం గుండెకి. మామూలు డాక్సోరూబిసిన్ జీవితం మొత్తానికి చదరపు మీటరుకి 450 నుంచి 550 దాటితే గుండె దెబ్బతింటుంది, లైపోసోమల్‌తో ఆ భయం బాగా తక్కువ. గుండె కండరంలో గండ్లు లేవు కదా, రేణువు అక్కడ కారదు. నష్టం చర్మానికి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, మండి, పొరలు ఊడతాయి, సాధారణంగా రెండు మూడు డోసుల తరవాత. ఒత్తిడీ రాపిడీ వేడీ ఉన్నచోట ఎక్కువ కారుతుంది. కాబట్టి ఎక్కించిన నాలుగైదు రోజులూ కొబ్బరిపీచుతో అంట్లు తోమడం, రోకలి పట్టడం, ఎండిన కళ్ళంలో చెప్పుల్లేకుండా ధాన్యం తిరగదొక్కడం, వేడినీళ్ళ కాపడం వద్దు. మంట మొదలవగానే చెప్పాలి. తరవాతి డోసు వాయిదా వేయడమో తగ్గించడమో చేస్తే తగ్గిపోతుంది. ఓర్చుకుని దాచిపెడితే పుండ్లు.

దీన్ని 5 శాతం డెక్స్‌ట్రోస్‌లోనే కలపాలి, సెలైన్‌లో కాదు. 90 మిల్లీగ్రాముల దాకా 250 మిల్లీలీటర్లు. మొదట నిమిషానికి 1 మిల్లీగ్రాము వేగం, ఏ ఇబ్బందీ లేకపోతే పెంచి గంటలో ముగిస్తారు. మొదటి నిమిషాల్లో మొహం ఎర్రబడి, నడుం పట్టేసి, ఊపిరి బిగిస్తే ఆపి, తగ్గాక నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టడం చాలామందిలో సాధ్యమే. ఫిల్టరు వద్దు.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీలు. మీ షాపుకి ఇది బస్సు పార్సిల్‌లో వస్తే ఒకటి గమనించండి. వేడెక్కడం గురించి అందరూ జాగ్రత్తపడతారు, గడ్డకట్టడం గురించి పట్టించుకోరు. డీప్‌ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాకు వయల్‌కి ఆనించి థర్మాకోల్ పెట్టెలో పెడితే అది గడ్డకడుతుంది. మంచు సూదులు కొవ్వు పొరని చీల్చవచ్చు, మందు బయటికి కారవచ్చు. తిరిగి కరిగాక కంటికి తేడా తెలియదు, అదే ఎరుపు. కానీ కారిన మేరకు అది లైపోసోమల్ కాదు, మామూలు డాక్సోరూబిసిన్. గుండెకీ నరానికీ దాని లెక్క వేరు. ప్యాకుకీ వయల్‌కీ మధ్య అట్టముక్క పెట్టమని ఏజెన్సీకి చెప్పండి, పెట్టెలో థర్మామీటరు అడగండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా, లోపలి ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. నాబ్ వయల్ అయితే తెరవనంతవరకు బయట 25 డిగ్రీల లోపు చాలు, కానీ రోహిణి కార్తెలో మన షాపు అల్మరా 25 ఉండదు.

మీ వీధిలో మోకాలి గడ్డ కుర్రాడి సంగతి కూడా అడిగారు. అది ఆస్టియోసార్కోమా, అంటే ఎముకలోనే పుట్టే క్యాన్సర్ అయితే, ఎముక క్యాన్సర్‌లో నిజంగా పనికొచ్చిన ఒక లైపోసోమ్ మందు ఉంది, మిఫమురటైడ్. యూరప్‌లో 2009లో అనుమతి వచ్చింది, అమెరికాలో రాలేదు. తమాషా ఏమిటంటే అది ఎముకకి గురిపెట్టదు. రేణువుల్ని మింగే మాక్రోఫేజ్ కణాలకే గురి, వాటిని రెచ్చగొట్టి మిగిలిన క్యాన్సర్ కణాల మీదికి ఉసిగొల్పుతుంది. ఇతర నానో మందులకి శాపమైన మింగుడే దీనికి వరం. ఆపరేషన్‌తో గడ్డ పూర్తిగా తీసేశాక, మిగతా కీమోతో పాటు, 36 వారాల్లో 48 సార్లు ఎక్కించాలి. ఆపరేషనూ కీమోనే ప్రాణం, ఇది పైన కలిపేది.

మీ షాపులో అలమరా నిండా ఉండే ఇంకో నానో ఉంది: డీ3 నానో షాట్లు, 5 మిల్లీలీటర్లలో 60,000 యూనిట్లు. మామూలు వాడకం వారానికొకటి చొప్పున 8 వారాలు, తరవాత నెలకొకటి. నానో అంటే తేలికది అనుకుని రోజుకొకటి తాగేసేవాళ్ళుంటారు. అప్పుడు క్యాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, అయోమయం. ఎముకలకి పాకిన క్యాన్సర్ కూడా అవే లక్షణాలతో క్యాల్షియం పెంచుతుంది, అమ్మగారి విషయంలో రెండూ కలిస్తే కనుక్కోవడం కష్టం. తక్కువైనా చిక్కే: జోలెడ్రోనిక్ మీద ఉండగా డీ, క్యాల్షియం చాలకపోతే పెదాల చుట్టూ తిమ్మిరి, పిక్కలు పట్టేయడం. రోజూ 500 మిల్లీగ్రాముల క్యాల్షియం, 400 యూనిట్ల డీ అన్నది జోలెడ్రోనిక్‌తో మామూలుగా చెప్పే మోతాదు. రక్తంలో క్యాల్షియం ఇప్పటికే ఎక్కువుంటే మాత్రం కాదు.

ఆ వీడియోలో అమ్మేది ఏదైనా, పేరు కాకుండా మూడు అడగండి: లోపల ఉన్న మందు ఏది, ఎన్ని మిల్లీగ్రాములు, అనుమతి నంబరు ఏది. నానో పసుపు, నానో బంగారం అని సమాధానం వస్తే ఫోను పెట్టేయండి. మన దేశంలో నానో మందుల్ని ఎలా పరీక్షించాలో 2019లో మార్గదర్శకాలే వచ్చాయి, రేణువు సైజు దగ్గర్నుంచి మందు విడుదల దాకా చూపాలి. ప్రయోగంలో ఉన్న మందు అంటే సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే మందుల ప్రయోగాల అధికారిక జాబితా) రిజిస్ట్రేషను నంబరు ఉండాలి, ఆ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రయోగంలో చేరడానికి మీ దగ్గర డబ్బు అడిగితే అది ప్రయోగం కాదు. నిజమైన ప్రయోగంలో పరీక్ష మందుకి రోగి డబ్బు కట్టడు, దానివల్ల హాని జరిగితే వైద్యం వాళ్ళే చేయించాలి.

చివరగా, ఇవన్నీ పక్కనపెట్టి రాత్రికి రాత్రి బయల్దేరాల్సిన సంగతి ఒకటి. నడుము నొప్పి ఉన్నట్టుండి కొత్తగా పెరిగినా, కాళ్ళలో బలం తగ్గినా, మొలచుట్టూ స్పర్శ పోయినా, ఒంటేలు ఆగిపోయినా తెలియకుండా పోయినా, వెన్నుపాము నొక్కుకుంటుండవచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు. ఎమ్మారై, రేడియేషన్ రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్ళండి, ముందే ఫోను చేసి వెన్నుపాము నొక్కుకుంటోందేమోనని అనుమానమని చెప్పండి. నడవగలిగే స్థితిలో వెళ్ళినవాళ్ళు తరవాతా నడిచే అవకాశం ఎక్కువ. తుంటి మీద బరువు పడితే నొప్పి వస్తోందా అన్నది ఈ వారమే అడగండి. వస్తుంటే విరగకముందే రాడ్డు వేయాలేమో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్తారు. ఈఆర్ రిపోర్టు, తాజా క్యాల్షియం ఇక్కడ పెట్టండి, మిగతా వివరం రాస్తాను.